గాలి తాగే మోటారు

ఏసమ్మ చెప్పుల చప్పుడు సందు చివరిదాకా వినిపించి ఆగిపోయాక, బాలమ్మ స్నానాల గదిలోకి వెళ్లి మీట నొక్కి, కట్టుకున్న చీరతోనే షవరు కింద నిలబడింది. ఆమెకు ఇప్పుడు కావలసింది తడవడం కాదు, వినడం. మిద్దె మీద మోటారు ఒకసారి మూలిగింది, గొంతు సవరించుకుంది, కాసేపు నిండుగా పలికింది, అంతలోనే ఆ నిండుతనం పల్చబడి, పల్చబడి, కీచుమని ఒక్క సన్నటి కేక దగ్గర నిలిచిపోయింది. షవరులోంచి గోధుమరంగు నీళ్లు నాలుగు చుక్కలు, వాటితోపాటు ఒక గడ్డిపోచ ఆమె నొసటి మీద పడ్డాయి. అంతే. మీట ఆపి, గడ్డిపోచను తీసేద్దామని చెయ్యి ఎత్తింది, ఆ చెయ్యి రోజూ ఆగేచోటే, రొమ్ము ఎత్తులో, ఎవరో మోచెయ్యి పట్టుకుని ఆపినట్టు ఆగిపోయింది. తలే కిందికి వంచి, వేళ్ల దాకా తెచ్చి, పోచను తీసేసింది. పేడ వాసన. ఇంత పొడుగు సర్వీసులో ఎన్ని వాసనలు భరించలేదు, కానీ స్నానం చెయ్యబోతే పేడ వాసన రావడం మాత్రం ఇదే మొదలు, అనుకుంటే నవ్వొచ్చింది, నవ్వుతోపాటే పొద్దున యోహాను చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్న మాటా వచ్చింది. "సాయంత్రం పుల్లయ్యొస్తాడు. మోటారు ఇప్పుకోని పోతాడు. ఆడ నారుమడికన్నా పనికొస్తాది. నీకేమి, పోసేదానికి అక్క ఉంది గదా."

అక్క ఉంది గదా. మొగుడు చెడ్డవాడు కాదు, ఈ షవరు తెప్పించిందీ మోటారు పెట్టించిందీ అతనే. కానీ ఒక పని చేసి అది కుదరకపోతే అతనికి ఆ పని మీద కోపం రాదు, ఆ పని అడిగిన మనిషి మీద కొంచెం విసుగు వస్తుంది, అది పైకి కనపడనీయడు, కనపడనీయకుండా ఉండడానికి చేసే ప్రయత్నం మాత్రం ఇంటి నిండా కనపడుతుంది. చలికాలం మొదట్లో కుడి భుజం బిగిసింది, నెల తిరక్కుండా ఎడమదీ బిగిసింది. ఏళ్ల తరబడి రోగుల్ని లేపి కూర్చోబెట్టిన భుజాలు. ఆమె పనిచేసే ఆస్పత్రిలోనే డాక్టరు చూసి, కీళ్లు పట్టేశాయి సిస్టర్, ఏడాదికో ఏడాదిన్నరకో వాటంతట అవే వదులుతాయి, అంతదాకా సెలవు పెట్టండి అన్నాడు. చేతులు పనిచేస్తాయి, అన్నం కలుపుకోవచ్చు, కూరగాయలు తరుక్కోవచ్చు, రొమ్ము దాకా ఉన్న లోకం అంతా ఆమెదే. ఆపైన ఉన్నది మాత్రం పరాయిది. తన జుట్టు పరాయిది, తన మెడ పరాయిది. చెంబు ముంచుకోగలదు గానీ నెత్తిన కుమ్మరించుకోలేదు.

అందుకని గడివేముల నుంచి ఆడబిడ్డ ఏసమ్మ వచ్చింది, పెట్టె సర్దుకుని, తన ఇంటిని కోడళ్ల మీద వదిలేసి. ఎవరొస్తారు ఈ రోజుల్లో? ఆ మాట బాలమ్మ రోజూ తనకు తాను చెప్పుకుంటుంది, మందు వేసుకున్నట్టు. ఏసమ్మ పెద్ద చేతులు, పెద్ద గొంతు, నీళ్లు పోసేటప్పుడు గోడ అవతల ఇల్లు కూడా వినేలా మాట్లాడుతుంది. "ఏమే బాలమ్మా, ఈపు మీద ఇంత మురికేందే, నర్సు పని చేసినావా, మట్టి మోసినావా? వంగు. ఇంకా వంగు. సిగ్గేందే నాకాడ, నేనేమన్నా మొగోణ్ణా?" పీచుతో రుద్దితే బర్రెను కడిగినట్టే ఉంటుంది, ప్రేమగానే. పోయిన మంగళవారం స్త్రీల కూడికలో ప్రార్థన అయ్యాక పాస్టరమ్మ పక్కకు తీసుకెళ్లి, మీ నడుము మీద మచ్చకు ఏదన్నా లేపనం రాస్తున్నారా అని మెల్లగా, ఎంతో దయగా అడిగింది. బాలమ్మకు నడుము మీద మచ్చ ఉందని బాలమ్మకే తెలియదు. ఇంటికొచ్చి అడిగితే ఏసమ్మ ఆశ్చర్యపోయింది. "ప్రార్థన చేయమని చెప్పినాలే. ఇంటి సంగతులు సంఘంలో గాక యాడ చెప్పుకుంటామే?" ఆ రాత్రి నుంచి ఆమెకు తన వీపు తన వెనుక లేదనీ, గడివేముల నుంచి నంద్యాల దాకా అందరి కళ్లముందూ ఎక్కడో ఆరేసి ఉందనీ అనిపిస్తోంది.

ఆడమనిషి, చుట్టం, పైగా ఇంత సేవ చేస్తోంది, ఇంకేం కావాలి నీకు? ఈ ప్రశ్న అడిగేది ఎవరు? వార్డులో చలచల్లగా మాట్లాడే బాలమ్మ సిస్టరే. తెర లాగి, బేసిను పెట్టి, వెచ్చటి గుడ్డ పిండి, చెయ్యెత్తమ్మా, పక్కకు తిరగమ్మా అంటూ లెక్కలేనంతమందికి ఒళ్లు తుడిచిన మనిషి. తుడిచినంతసేపూ వాళ్లందరూ గోడకేసి చూసేవాళ్లు. పైన తిరిగే ఫ్యాను చూసేవాళ్లు కొందరు. ఆ చూపు నొప్పి వల్ల అనుకునేది. ఇప్పుడు ఏసమ్మ ఎదుట పీట మీద కూర్చుంటే తన కళ్లూ నేరుగా సున్నం పెచ్చులూడిన గోడ మీదికే పోతున్నాయి. అది నొప్పి కాదు, శరీరాన్ని అక్కడ వదిలేసి కాసేపు గోడలోకి వెళ్లి కూర్చోవడం అని ఇప్పుడు తెలిసింది. తుంటి విరిగి వచ్చిన గోవిందమ్మ ఒక్కతే గోడకేసి చూడలేదు. ఆళ్లగడ్డ దగ్గర పెద్ద సేద్యగాళ్ల ఇంటావిడ, ముక్కుకు పెద్ద రాయి. సూటిగా మొహంలోకి చూసి, "కండ్లు మూసుకోని తుడువు నర్సమ్మా" అంది. బాలమ్మ నిజంగానే మూసుకుంది, బేసిను బోర్లాపడి పక్కంతా తడిసింది, ఇద్దరూ పడీపడీ నవ్వారు. అన్ని ఒళ్లలోనూ ఆ ఒక్క ఒళ్లే జ్ఞాపకం ఉంది, చూడనిది గనక.

సాయంత్రానికి ఈ మోటారు పోతుంది. పోతే ఏడాది, లేకపోతే ఏడాదిన్నర, ఆ గోడ. బాలమ్మ కొంగు దోపుకుంది.

పెరటి మెట్లెక్కి మిద్దె మీదికి వస్తే ఎండ ముఖాన కొట్టింది. బండలు నిప్పుల్లా ఉన్నాయి. ఆరేసిన గోనెసంచిని కాళ్లతో లాక్కుంటూ దాని మీదే నిలబడి తొట్టి దగ్గరికి చేరింది. నాపబండలు నిలబెట్టి సిమెంటు పూసిన తొట్టి, ఆమె గడ్డం ఎత్తు. పక్కనే నేల మీద మోటారు. మోటారు ముక్కు నుంచి బయలుదేరిన నల్ల గొట్టం తొట్టి గోడ వెంట పైకెక్కి, అంచు మీద మడత పడి, లోపలి నీళ్లలోకి దిగింది. మోటారు నెత్తి నుంచి ఇంకో గొట్టం స్నానాల గదిలోకి. పుల్లయ్య దీన్ని బిగించిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. ఆళ్లగడ్డ మనిషి, చుట్టుపక్కల బావుల మోటార్లన్నీ అతని చేతి మీదుగానే లేచాయి. తొట్టి ఎత్తు తక్కువై షవరు సన్నగా కారుతోంది, నీళ్లు తోయడానికి మోటారు పెట్టమంటే, పొలం మోటారే తెచ్చి, పొలంలో బిగించినట్టే బిగించి, చివరికి ఒక బక్కెట్ పేడ కలిపి తెచ్చాడు. 

"అప్పా, ఏందది?"

"పేడనీళ్లక్కా. పంపులో పొయ్యకుంటే యాడ పట్టుకుంటాది? సందులన్నీ పూడ్సుకోవద్దా? మీ నాయన బాయికాడ గూడా ఇట్లనే పోస్తి."

"అది బాయప్పా. ఇది స్నానానికి పెట్టిచ్చుకున్నేది."

"నీళ్లు నీళ్లే గదక్కా!" 

అతని మీద కోపం రాలేదప్పుడు, ఇప్పుడూ రాలేదు. నీళ్లు నీళ్లే అన్న మనిషి మాటలో నాన్న గొంతు ఉంది. నాన్న గురుస్వామి బావిగట్టున మోకాళ్ల మీద కూర్చుని పంపుకు చెవి ఆనించేవాడు, కళ్లు మూసుకునేవాడు, ప్రార్థనలో కూడా అంత గట్టిగా మూసుకునేవాడు కాదు. నిండుగా పలికితే తల ఊపేవాడు. పల్చబడితే మొహం మాడ్చుకునేవాడు. "గాలి తాగుతాంది" అనేవాడు, పెళ్లి చెయ్యవలసిన కొడుకు సారా తాగుతున్నాడని చెప్పినట్టు. ఇంట్లో అమ్మ ఏడ్చినా వినపడని ఆ చెవికి పంపు లోపల ఆవగింజంత గాలి వినపడేది. అందుకు చిన్నప్పుడు నాన్న మీద ఒక కోపం ఉండేది, ఆ కోపం ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఇందాక షవరు కింద నిలబడి, ఆ కీచుమన్న కేక విని, గాలి తాగుతాంది అని ఆమె లోపల ఎవరో అన్నారు, ఆ అన్న గొంతు తనదో నాన్నదో ఆమె తేల్చుకోలేకపోయింది.

అయితే గాలి ఎక్కడ తాగుతోంది? తొట్టి అంచు ఆమె కళ్ల కిందనే ఉంది, చెయ్యి అందదు గానీ చూపు అందుతుంది. గొట్టం మడతపడిన చోట ఎండకు పగిలి నోరు తెరుచుకుంది, వేలిగోరంత సందు. దాని చుట్టూ ఎండిన పేడ, పుల్లయ్య రెండోసారి వచ్చినప్పుడు మెత్తిన పట్టీ. పట్టీ వేసిన పక్కన మళ్లీ పగిలింది. పగలదా మరి, అక్కడ వంగక తప్పదు కదా. బాలమ్మ గొట్టాన్ని మోటారు దగ్గర మొదలుపెట్టి కళ్లతో పైకి పాకింది, అంచు దాటింది, నీళ్లలోకి దిగింది, మళ్లీ పైకి, మళ్లీ కిందికి. ఎందుకు ఎక్కుతున్నాయి ఈ నీళ్లు? ఎక్కి దిగి మళ్లీ కింది గదికే కదా పోవాలి? బావిలో నీళ్లు కింద ఉంటాయి, మోటారు పైన ఉంటుంది, గుంజక తప్పదు. ఇక్కడ నీళ్లు పైన ఉన్నాయి, మోటారు వాటి పాదాల దగ్గర కూర్చుని ఉంది. వాకిలి బార్లా తీసి ఉండగా గోడ దూకి వచ్చినట్టు ఉంది ఈ వ్యవహారం. పుల్లయ్య జీవితమంతా బావుల్లోంచి నీళ్లు గుంజిన మనిషి, నీళ్లంటే గుంజవలసినవే అనుకున్నాడు, గుంజకుండా వచ్చే నీళ్లు ఉంటాయని అతని చేతులకు ఎవరూ చెప్పలేదు.

గుంజకుండా. ఆ మాట దగ్గర ఆమెకు వార్డు గుర్తొచ్చింది. మంచం పక్కన ఇనపకడ్డీకి తలకిందులుగా వేలాడే సెలైను సీసా. ఎవరు గుంజుతారు దాన్ని? పైన కడతాం, కింద సూది, అంతే, తనంతట తానే దిగుతుంది. ఒక్కటే జాగ్రత్త, ముందు గొట్టంలో గాలి పోనివ్వాలి. కొత్తగా వచ్చిన నర్సు పిల్లలకు ఎన్నిసార్లు చెప్పింది, గాలి ముందు పోవాలి, తర్వాత నీళ్లు పోవాలి, చిటికేసి చూడండి, బుడగ పైకి వస్తుంది అని. బాలమ్మ వంగి తొట్టి అడుగు చూసింది. బురద కడిగినప్పుడు నీళ్లు వదిలేయడానికి పెట్టిన ఇత్తడి కుళాయి, చిలుము పచ్చగా పట్టి, వాకిలిలా అక్కడే ఉంది. మోటారు ముక్కుకు మూరెడు దూరం.

యోహాను సామాన్ల డబ్బాలో రంపం బ్లేడు ఉంది, పాత సైకిలు ట్యూబు ఉంది. స్టవ్వు మీద నీళ్లు మరగపెట్టి, చెంబులో పోసి, గుడ్డతో పట్టుకుని మళ్లీ మెట్లెక్కింది. గోనెసంచి మీద చతికిలబడి, గొట్టాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, మోటారు నుంచి మూరన్నర ఎడం చూసుకుని బ్లేడు ఆనించింది, ఆనించి ఆగిపోయింది. కోసేస్తే ఇంక అతుక్కోదు. తప్పయితే? సాయంత్రం ముగ్గురూ ఈ గొట్టం చుట్టూ నిలబడతారు, పుల్లయ్య మోటారు ఇప్పుకుంటాడు, యోహాను ఆ కనపడనీయని విసుగుతో కిందికి వెళ్లిపోతాడు, ఏసమ్మ మాత్రం కూడికలో ప్రార్థన చేయిస్తుంది, మా బాలమ్మకు కీళ్లతోపాటు బుర్ర కూడా పట్టేసింది ప్రభువా అని. ఈ వార్డు మాటలు, ఈ సెలైను సీసాలు, ఇవన్నీ గోడకేసి చూసి చూసి అలిసిన బుర్ర కల్పించుకున్న ఆశేమో. ఆశ ఎప్పుడూ తెలివి వేషంలోనే వస్తుంది, అది ఆమెకు తెలుసు, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల చుట్టాల మొహాల్లో చూసింది. కానీ చెవి? చెవి ఆశపడదు. గాలి తాగుతోందని చెవి చెప్పింది. బాలమ్మ కోసింది. భుజాలు కదలవు గనక మోచేతుల నుంచే కోసింది, చెమట కళ్లలోకి దిగితే రెప్పలు ఆడించి దులుపుకుంది, గొట్టం గట్టిగా ఉంది, ఎండకు ముదిరిన తోలులా ఉంది, నల్లటి పొట్టు చీర మీద రాలింది, చివరికి పుటుక్కుమని రెండయింది. పైముక్క గోడకు వేలాడుతూ లోపలున్న నీళ్లు ఆమె ఒళ్లోకి వదిలేసి ఊరుకుంది.

కుళాయి తిప్పితే ముందు ఎర్రటి బురద, తర్వాత సున్నం పెచ్చులు, తర్వాత పల్చటి టీనీళ్లు, ఆ తర్వాత, ఆమె ఓపిగ్గా చూస్తూ ఉండగా, గాజులాంటి నీళ్లు. బండల మీద పడి సన్నటి ఆవిరి లేపుతూ జాలువారిపోయాయి. కట్టేసింది. గొట్టం చివరను వేడినీళ్ల చెంబులో ముంచి పట్టుకుంది, రబ్బరు ట్యూబులను వార్డులో ఇట్లాగే మెత్తబరిచేది. మెత్తబడగానే కుళాయి మూతికి తొడిగి, తిప్పి, తోసి, ట్యూబు పేలికలు చుట్టి, ఒక కొస చేత్తో, ఒక కొస పళ్లతో పట్టి లాగి ముడేసింది. నోట్లో రబ్బరు రుచి. పళ్లు ఉన్నందుకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. పంపు నెత్తి మీద పుల్లయ్య పేడనీళ్లు పోసే మూత వదులుగానే ఉంది, దాన్ని తెరిచి, కుళాయి పూర్తిగా తిప్పి, పంపు పక్కన ఒత్తిగిలి చెవి ఆనించింది. లోపల గుసగుస. బుడబుడ. గాలి పాములా బుసకొడుతూ మూత సందులోంచి పోయింది, పోయింది, ఇంకా పోతూనే ఉంది, ఎన్నాళ్ల గాలో. ఆ తర్వాత నీళ్లు పొంగి ఆమె చెంప మీదుగా కారాయి. ఎవరూ పొయ్యకుండానే పంపు నిండింది. మూత బిగించి, చెంప తుడుచుకోకుండానే లేచింది.

షవరు తలకాయ మిగిలింది. అది ఆమె తలకు బెత్తెడు పైన ఉంది, అంటే పరాయి లోకంలో ఉంది. కింద నిలబడి దాన్ని కాసేపు చూసింది. ఇన్ని నెలలుగా చెయ్యి ఎప్పుడు ఎత్తగలుగుతానా అనే ఆలోచించింది, తానే లేస్తే సరిపోతుందని ఎందుకు తోచలేదో! వంటింట్లోంచి కుర్చీ ఈడ్చుకొచ్చి, గోడకున్న షవరు కుళాయి కట్టేసి, నేల పొడిగా తుడిచి, గోడ పట్టుకుంటూ ఎక్కింది. షవరు తలకాయ ఆమె రొమ్ముకు ఎదురుగా, తన లోకంలోకి వచ్చి నిలబడింది. తడిగుడ్డ చుట్టి తిప్పితే ఊడింది. లోపల ఎండిన పేడ, గడ్డి, పిచ్చుక గూడంత. ఆళ్లగడ్డ పొలాల్లోంచి వచ్చి నంద్యాల షవరులో గూడు కట్టుకుంది. కడిగి, జడపిన్నుతో ఒక్కో రంధ్రం పొడిచింది. జడ వేసుకోలేని మనిషి చేతిలో జడపిన్నుకు మళ్లీ ఒక పని దొరికింది. బిగించి, దిగి, కుర్చీ బయట పెట్టి, తలుపు గడియ వేసి, చీర విప్పింది. అప్పటికి గుర్తొచ్చింది, కరెంటు. ఈ వేళకు తీసేసే అలవాటుంది వాళ్లకు. షవరు కుళాయి విప్పి మీట నొక్కింది.

మోటారు మూలగలేదు, గొంతు సవరించుకోలేదు. ఒక్కసారే నిండుగా పలికింది, ఆ నిండుతనం తగ్గలేదు. గొట్టంలో ఏదో ఉరికి వస్తున్న చప్పుడు గోడ వెంట దిగి, షవరు ఒకసారి తుమ్మి, నీళ్లు, నీళ్లు, నెత్తిమీద, కళ్లమీద, మెడమీద, ఆ పరాయి మెడమీద, భుజాల మీద, మిద్దె మీద ఎండకు కాగిన గోరువెచ్చని నీళ్లు, బలంగా, వేళ్లతో తట్టినట్టు. బాలమ్మ నోరు తెరిచి నిలబడిపోయింది. చెంబుకూ చెంబుకూ మధ్య వచ్చే ఆ చలి లేదు. పోసేవాళ్ల చెయ్యి నొప్పి పుడుతుందేమోనన్న తొందర లేదు. వంగు అనేవాళ్లు లేరు, ఆమే వంగింది, తన ఇష్టానికి, జుట్టంతా ముందుకు పడేసి, మళ్లీ వెనక్కి ఎగరేసింది, నీళ్లు గోడలన్నీ కొట్టాయి. మెల్లగా తిరిగి వీపు పెట్టింది. ఊళ్లన్నీ తిరిగి వచ్చిన వీపు. ఆ మచ్చ ఎక్కడుందో ఆమెకు తెలియదు, నీళ్లు తెలుసుకుని తడిమి ఎవరికీ చెప్పకుండా కిందికి వెళ్లిపోతున్నాయి. చూపు అలవాటుగా గోడకేసి పోయింది, పోయి, అక్కడ చెయ్యడానికి ఏ పనీ లేక తిరిగి వచ్చేసింది. ఆమె తన పాదాలు చూసుకుంది, మోకాళ్లు చూసుకుంది, మూడు కాన్పుల గీతలున్న పొట్ట చూసుకుంది, ఎన్నాళ్ల తర్వాతో ఊరి నుంచి వచ్చిన మనిషిని కళ్లారా చూసుకున్నట్టు. లోపలెక్కడో ఒక కూనిరాగం మొదలైంది. స్నానంలో పాడుకునే మనిషిని కదా తను, ఏసమ్మ వచ్చాక ఎప్పుడు మానేసిందో, మానేసిన సంగతి కూడా తెలియలేదు. రాగం తప్పుతోంది, తప్పనీ. గొంతు పెంచింది. మోటారు శ్రుతి పట్టినట్టు పలుకుతూనే ఉంది.

తలుపు దబదబమంది. ఎంతసేపటి నుంచి కొడుతున్నారో.

"బాలమ్మా! ఏందే లోపల ఆ మోత! నేను రాకముందే ఎందుకు పోతివే, పడితివంటే? పుల్లయ్యొచ్చినాడు, మోటారు ఇప్పాలంట. నీళ్లు పడతాండాయే! ఓ యమ్మా, నీళ్లు పడతాండాయి! ఏమే, ఎవురున్నారే లోపల? ఎవురు పోస్తాండారే నీకు నీళ్లు?"

బాలమ్మ మొహం పైకెత్తింది. నీళ్లు నోట్లో పడితే ఉమ్మేసి, నవ్వు ఆపుకుని, ఇంటి అవతలకు కూడా వినపడేంత గొంతుతో అంది.

"ఎవురూ ల్యారొదినా."